అడగాల్సిన మాట అడిగేయండి

ఈ శీర్షికకు మామూలుగా వచ్చేవి అమ్మానాన్నల ఉత్తరాలు. "మా వాడు ఫోన్ వదలడం లేదు" దగ్గర మొదలై ఎక్కడికో పోతాయి. ఈసారి మెయిల్ తెరిస్తే చిత్రంగా సగానికి పైగా కుర్చీకి ఇటువైపు కూర్చునేవాళ్లవే, అంటే నాలాగా పిల్లల మాటలు వినడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లవి. సరే, ఈ సంచిక వాళ్లకే. ఇంకోసారి చెప్పేస్తున్నా, నేను క్లినికల్ సైకాలజిస్టుని, మందులు రాసే డాక్టర్‌ని కాను. "డాక్టర్ గారూ" అన్న చోటల్లా ఆ మాట కొట్టేశాను, ఏమనుకోకండి.

*

ప్రశ్న: కోర్సు పూర్తయి ఏడాదిన్నర. విజయవాడలో ఒక క్లినిక్‌లో చేస్తున్నాను. పోయిన వారం ఇంటర్ సెకండియర్ అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. అంత ఎండలోనూ ఫుల్ హ్యాండ్స్ వేసుకుంది, మణికట్టు దగ్గర గీతలు కనిపించాయి. అడగాలని తెలుసు, నోరు రాలేదు. చివరికి "పిచ్చి ఆలోచనలేమీ రావడం లేదు కదా?" అన్నాను. లేదంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సూటిగా అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయం.

జవాబు: మీ ప్రశ్న చివర్లో ఒక 'కదా' ఉంది, జవాబు కూడా అందులోనే ఇచ్చేశారు మీరు. ఆ అమ్మాయి మీకు కావలసిన జవాబు మీ చేతిలో పెట్టింది, అంతే. మీ టెన్షన్ చూసి జాలిపడి కూడా ఉంటుంది. పైగా 'పిచ్చి' అన్నారు. అవునంటే తను పిచ్చిదని ఒప్పుకున్నట్టే కాబట్టి ఏ పిల్లయినా లేదనే అంటుంది.

మన తెలుగులో ఆత్మహత్య అన్న ఈ ఒక్క మాటకి ఎన్ని ముసుగులో చూడండి. అఘాయిత్యం, ఏదైనా చేసుకోవడం, అలాంటి ఆలోచనలు, పేపర్లో అయితే బలవన్మరణం. ఇంకోపక్క చావు మాట పొద్దస్తమానం మన నాలుక మీదే ఉంటుంది, ఎండకి చస్తున్నాం, మ్యాథ్స్ సార్ చావగొడుతున్నాడు, టెస్టులతో చచ్చిపోతున్నా. అందుకే ఒక పిల్ల నిజంగా "చచ్చిపోవాలనుంది" అన్న రోజు ఇంట్లో ఎవరికీ వినపడదు. మనం ముసుగు తీసి అడగాలి, అది మాటవరసకి అడిగింది కాదని కూడా తెలియాలి. నేనైతే ఇలా అడుగుతాను: "ఇంత కష్టంగా ఉన్నప్పుడు చాలామందికి చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. నీకు అనిపించిందా?" అవునంటే అక్కడితో ఆపను. నువ్వే ఏదైనా చేసుకోవాలని అనుకున్నావా, ఎలా అని ఆలోచించావా, ఎప్పుడని అనుకున్నావా, ఇంతకుముందు ప్రయత్నించావా, ఆ వరుసలోనే వెళ్తాను. అడిగాక నోరు మూసుకుంటాను. అదే కష్టం. ఒకసారి ఒక కుర్రాడు నా టేబుల్ మీది పెన్ను తీసుకుని క్యాప్ పెడతాడు, తీస్తాడు, పెడతాడు, తీస్తాడు, గడియారం చూస్తే రెండు నిమిషాలు కూడా కాలేదు గానీ నాకు మాత్రం గంట గడిచినట్టుంది, అప్పుడు తల ఎత్తకుండా "ఈ మాట ఫస్ట్ మీరే అడిగారు మేడమ్" అన్నాడు. ఆర్నెల్లుగా వాడి చుట్టూ నలుగురు పెద్దవాళ్లున్నారు.

అడిగితే ఆలోచన పుట్టదు. దీని మీద చాలా అధ్యయనాలు జరిగాయి, అడగడం వల్ల ఆలోచనలు పెరిగినట్టు తేలలేదు, కొందరికి భారం తగ్గింది కూడా. ఇక ఆ గీతల విషయం. కోసుకునే పిల్లలందరూ చావు కోసం కోసుకోరు, చాలామందికి అది లోపలి హోరు కాసేపు తగ్గించుకునే దారి. అలాగని రెండింటికీ సంబంధం లేదనుకోకండి, అలా చేసుకునే పిల్లల్లో ముప్పు మామూలు పిల్లల కన్నా ఎక్కువ. "అదంతా అటెన్షన్ కోసం" అనే సీనియర్ మీ క్లినిక్‌లో ఉంటే (ప్రతి క్లినిక్‌లో ఒకరుంటారు) విననట్టు ఉండండి.

అవునంటే ఏం చేయాలి? ఒట్టు మాత్రం వేయించుకోకండి. "అమ్మ మీద ఒట్టు, ఏమీ చేసుకోనని చెప్పు" అంటే పిల్ల ప్రాణం నిలవదు, మీ దగ్గర నోరు మూసుకుంటుంది, మళ్లీ అనిపించినప్పుడు ఒట్టు తప్పానన్న సిగ్గు కూడా తోడవుతుంది. దానికి బదులు సేఫ్టీ ప్లాన్ రాయండి. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన పద్ధతి, మీ కోర్సులో ఉండే ఉంటుంది. అందులో పిల్ల రాసుకోవాల్సినవి ఇవి: ఆ ఆలోచనల ఉద్ధృతి మొదలయ్యేముందు నాకు ఏం తెలుస్తుంది, ఒక్కదాన్నే ఏం చేయగలను, ఎవరి పక్కన కూర్చుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి నోరు తెరిచి చెప్పగలను, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి. పిల్ల చేతే, పిల్ల మాటల్లోనే రాయించండి. "స్నేహితులతో సంభాషించడం" అని మీరు రాసిస్తే అది బుట్టలోకి పోతుంది. నా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి ఓఎంఆర్ షీటు వెనక రాసి, నాలుగు మడతలు పెట్టి ఫోన్ కవర్‌లో దాచుకుంది; అందులో రెండో లైను "మేడ మీద కాదు, వంటింట్లో అమ్మమ్మ పక్కన". నంబర్ దగ్గర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 రాయించండి, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

తల్లికి చెప్పాలి. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు, ముప్పు ఉందని తేలితే దాచే హక్కు మీకు లేదు. కానీ ముందు పిల్లకి చెప్పి, ఏ మాటల్లో చెప్పాలో తననే అడిగి, తన ఎదురుగానే చెప్పండి. ఇల్లు ఎలా ఉందో అడగండి. వ్యవసాయం చేసే ఇల్లయితే పురుగుమందు ఎక్కడుంది, నాయనమ్మ బీపీ మాత్రలు ఎక్కడున్నాయి. "బీరువాలో పెట్టి తాళం వేశామండీ" అంటారు, తాళంచెవి దేవుడి గూట్లో ఉంటుంది, అది ఇంటిల్లిపాదికీ తెలుసు! మందులు అసలు ఇల్లు దాటించమనండి.

ఇదంతా చదివి వచ్చేవారం చేద్దామనుకోకండి. ఆ తల్లి నంబర్ మీ రిజిస్టర్‌లో ఉంది. ఈరోజే ఫోన్ చేసి, "పోయినసారి ఒక విషయం సరిగా అడగలేదు, రేపు ఒకసారి తీసుకురండి" అనండి. అలా అన్నందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు.

*

ప్రశ్న: అక్కా, నేను గుంటూరులో డిగ్రీ ఫైనలియర్. ఎంఏ సైకాలజీ చేసి బోర్డు పెట్టుకోవచ్చా? ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమా సరిపోతుందని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు.

జవాబు: సరిపోదమ్మా. క్లినికల్ సైకాలజిస్టు అని రాసుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ శిక్షణ చేయాలి, వాళ్ల రిజిస్టర్‌లో నీ నంబర్ ఉండాలి. 1992 నుంచీ దీనికి చట్టమే ఉంది. చేరేముందు ఆ ఏడాది గుర్తింపు ఉన్న సంస్థల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో, ఏజెంటు చూపించే పాత లెటర్ నమ్మకు. ఇంకోమాట, సీటు రావడానికి ముందే ఎర్రగడ్డలోనో, విశాఖ చినవాల్తేరులోనో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీ దగ్గర ఒక ఉదయం బెంచీ మీద కూర్చుని చూడు. ఎవరెవరు వస్తున్నారు, ఎవరు తీసుకొస్తున్నారు. ఇంటికొచ్చాక కూడా చదవాలనిపిస్తే చదువు.

*

ప్రశ్న: రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఈ ఏడాదే కౌన్సెలర్‌గా చేరాను. 1,400 మంది పిల్లలకి నేనొక్కదాన్ని. ప్రతి నెలా 'రిస్కు లిస్టు' పేర్లతో ఇమ్మంటున్నారు. మొదటిసారి ఐదు పేర్లు ఇస్తే ఇద్దరికి టీసీ ఇచ్చి పంపేశారు. ఇప్పుడు నా గదికి ఎవరూ రావడం లేదు.

జవాబు: ఎందుకు వస్తారు? మీ గది తలుపు తడితే టీసీ వస్తుందని హాస్టల్ మొత్తానికీ ఒక్క పూటలో తెలిసిపోయి ఉంటుంది.

ముందు మీకు ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో గుర్తుచేస్తాను, ఎందుకంటే అదే మీ బలం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుమించి పిల్లలున్న చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలంది. ఆ ఒక్క ముక్క మాత్రం యాజమాన్యాలు చదివాయి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, పిల్లల్ని నలుగురిలో అవమానించొద్దని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా అదే కాగితంలో ఉంది. ప్రింటు తీసి మీ బల్ల మీద పెట్టుకోండి. ప్రతి వారం ర్యాంకు షీటు గోడకి అంటించి, అడుగున ఉన్నవాళ్లని కింది సెక్షన్‌కి దించి, వాళ్లని మీ దగ్గరకు 'మోటివేషన్'కి పంపిస్తున్నారంటే, చిల్లు పడ్డ కుండలో మిమ్మల్ని నీళ్లు పోయమంటున్నట్టే.

లిస్టు సంగతి. ఎంతమంది వచ్చారు, ఎక్కువమంది ఏం చెబుతున్నారు (నిద్ర, సెక్షన్ మార్పు, ఫలానా ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ నోటి దురుసు), ఇంతవరకే నెల రిపోర్టులో ఇవ్వండి. పేరు బయటపెట్టాల్సింది ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, అదీ ఆ పూటకి ఆ బిడ్డ పక్కన ఉండగలిగిన ఒకరిద్దరికే, ఏం చేయాలో కూడా చెప్పి. ఈ పద్ధతి ఒక పేజీలో రాసి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. పెట్టనంటే ఆ సంగతే మెయిల్‌లో రాయండి, రేపు ఏదైనా జరిగితే అందరూ వేలు చూపించేది మీ వైపే. లైంగిక వేధింపు విషయం వస్తే మాత్రం ఎవరి సంతకంతోనూ పనిలేదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే మన మీదే కేసు. పద్దెనిమిది లోపు ప్రేమ వ్యవహారాలు కూడా ఆ గీతలోకే వచ్చి పడుతుంటాయి, అది మనందరికీ తలనొప్పే. అందుకే పిల్ల నోరు విప్పకముందే, మొదటి నిమిషంలోనే, "నా దగ్గర ఏది ఆగుతుంది, ఏది ఆగదు" అన్నది చెప్పేయాలి. అన్నీ విన్నాక చెబితే అది మోసం.

1,400 మందిని మీరొక్కరు చూడలేరు, చూడక్కర్లేదు కూడా. మెస్‌లో వడ్డించే ఆవిడకి ఎవరు ప్లేటు వదిలేస్తున్నారో మీకన్నా ముందే తెలుసు. ఔటింగ్ ఆదివారాల్లో వాచ్‌మన్‌కి తెలుసు, అందరి అమ్మానాన్నలూ చెట్ల కింద దుప్పట్లు పరిచి చికెన్ కూర, పులిహోర డబ్బాలు విప్పుతుంటే గేటు వైపు చూస్తూ ఎవరు ఒంటరిగా నిలబడతారో. వాళ్లతో టీ తాగండి.

ఆ ఇద్దరు పిల్లల ఇళ్లకి ఫోన్ చేశారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు.

*

ప్రశ్న: కొత్తగూడెం నుంచి ఒక తండ్రిని. మా అబ్బాయిని నాలుగుసార్లు హైదరాబాద్ తీసుకెళ్లాను. లోపల ఏం మాట్లాడారంటే సైకాలజిస్టు చెప్పదు. బస్సు ఛార్జీలు, ఫీజు నావి. తెలుసుకునే హక్కు నాకు లేదా?

జవాబు: ఉందండి, కొంత. సమస్య ఏమిటి, చికిత్స ఏమిటి, ఇంట్లో మీరు ఏం చేయాలి, ప్రాణభయం ఉందా, ఇవన్నీ అడగండి, చెప్పి తీరాలి. మీవాడు మీ గురించి ఏమన్నాడో మాత్రం అడక్కండి. మీ మీద చాడీలు చెప్పి ఉంటాడనుకుంటున్నారేమో, ఎక్కువమంది కుర్రాళ్లు ఆ గదిలో చెప్పేది "మా నాన్న డబ్బు దండగ చేస్తున్నాడు నా కోసం" అనే. తిరుగు బస్సులో ఏమీ అడక్కుండా సూర్యాపేటలో దింపి టీ ఇప్పించండి చాలు.

*

ప్రశ్న: రైల్వేస్టేషన్ పిల్లలతో పనిచేసే సంస్థలో ఉన్నాను. వైట్‌నర్, సొల్యూషన్ పీల్చే కుర్రాళ్లు. రమ్మంటే రారు, వస్తే అన్నీ అబద్ధాలే. ఒకడు ముగ్గురికి మూడు ఊళ్లు చెప్పాడు.

జవాబు: చెప్పనీయండి. నిజం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టుకుని రైలెక్కించారు వాణ్ణి, ఏ ఇంటి నుంచి పారిపోయాడో ఆ ఇంటికే. నా మొదటి రెండేళ్లు ఇలాంటి పిల్లలతోనే గడిచాయి, ఫైలు నిండా ప్రశ్నావళులు పెట్టుకుని వెళ్లేదాన్ని. ఒకడు నా ఫైలు మీద కూర్చుని బన్ను తిన్నాడు. ఆ రోజు నుంచి ఫైలు తీసుకెళ్లడం మానేశాను. వారం వారం అదే రోజు, అదే టైము, అదే బెంచీ, అంతే. మూడో వారం రానివాడు ఐదో వారం దూరంగా నిలబడి చూస్తాడు, ఈమె ఇంకా వస్తోందా అని. అదే వాడు పెట్టే పరీక్ష, మనం పెట్టేది కాదు.

"ఎందుకు పీలుస్తావ్" అనకండి, "పీలిస్తే ఏమవుతుంది" అని అడగండి. ఆకలి తెలీదు, చలి తెలీదు, రాత్రి ఎవరేం చేసినా తెలీదు అంటారు. ఆ మూడోది విన్నప్పుడు చెవి ఒగ్గాలి. అప్పుడు మీ ముందున్న పని డీఅడిక్షన్ కాదు, వాడు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది. ఆ వాసన ఒక్కసారికే గుండె ఆగేలా చేయగలదని కూడా దాచకుండా చెప్పండి, భయపెట్టడానికి కాదు, వాళ్లకి నిజంగా తెలీదు. అమ్మేవాణ్ణీ వదలకండి. జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకి మత్తు పదార్థం ఇస్తే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. చైల్డ్‌లైన్ 1098 ఎలాగూ మీకు తెలిసిందే.

*

ప్రశ్న: జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తాను. పురుగుమందు తాగి బతికి బయటపడిన కుర్రాళ్లని రెండు మూడు రోజులకే ఇంటికి తీసుకెళ్లిపోతారు. సైకియాట్రీ ఓపీకి రమ్మని చీటీ రాస్తాం, ఎవరూ రారు. పోలీసు కేసని భయం.

జవాబు: ఆ భయం పాతది. మనవాళ్లు తరతరాలుగా 'కడుపునొప్పి తాళలేక' అని రాయించుకున్నది దానికే. మీరు వాళ్లకి స్పష్టంగా చెప్పండి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి గానీ శిక్షించకూడదు, 2024 జులై నుంచి ఐపీసీ బదులు వచ్చిన న్యాయసంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షనే లేదు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) ఎంట్రీ ఆసుపత్రి రూలు, అది పిల్లాడి మీద కేసు కాదు.

చీటీ రాసి రాలేదని బాధపడటం కన్నా మనం వెళ్లడం మేలు. డబ్ల్యూహెచ్‌వో ఐదు దేశాల్లో ఒక అధ్యయనం చేసింది, మన చెన్నై అందులో ఒకటి. చేసిందేమీ బ్రహ్మాండం కాదు. డిశ్చార్జి దగ్గర గంటసేపు కూర్చుని మాట్లాడటం, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికెళ్లో పలకరించడం. 2008లో వచ్చిన ఫలితాల్లో, మామూలు చికిత్సతో పంపేసిన వాళ్లతో పోలిస్తే వీళ్లలో ఆత్మహత్య మరణాలు బాగా తక్కువ. ఇంటికెళ్లిన మొదటి వారాలే అన్నిటికన్నా ప్రమాదం కాబట్టి మొదటి ఫోన్ మూడు రోజుల్లోపు వెళ్లాలి. సిస్టర్ చేసినా సరే. "ఎలా ఉన్నావ్, అన్నం తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా, మళ్లీ అనిపించిందా." నాలుగో ప్రశ్న మింగేయొద్దు.

*

ప్రశ్న: నా దగ్గరకు ఎనిమిది నెలలు వచ్చిన అబ్బాయి పోయాడు. నోట్స్ అన్నీ తిరగేశాను, ఎక్కడ తప్పానో దొరకడం లేదు. దొరికితే బాగుండనిపిస్తోంది. పెద్దకర్మకు వెళ్లాలా వద్దా?

జవాబు: వెళ్లండి. ముందు ఫోన్ చేసి, రావచ్చా అని అడిగి వెళ్లండి. నేను ఒకరి ఇంటికి వెళ్లలేదు, లీగల్‌గా మంచిది కాదన్నారు, ఆ వంకతో భయపడి ఆగిపోయాను. ఇంకొకరి ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడితే వాళ్ల నాన్న లేచి నిలబడ్డాడు, నన్ను తిడతాడేమో అనుకున్నాను, "మంగళవారం అంటే మావాడు పొద్దున్నే తలస్నానం చేసేవాడమ్మా, మీ దగ్గరకు రావాలని" అన్నాడు. లోపల ఏమన్నాడో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

తప్పు దొరికితే బాగుండనిపించడం నాకు తెలుసు, దొరికితే దాన్ని దిద్దుకోవచ్చు, ఇంకెప్పుడూ ఇలా జరగదని నమ్మొచ్చు. కొన్ని కేసుల్లో దొరుకుతుంది కూడా, అప్పుడు దిద్దుకోవాలి. మీ నోట్స్ మీరొక్కరే అర్ధరాత్రి చదవడం మాత్రం ఆపండి, ఒక సీనియర్ పక్కన కూర్చుని పగలు చదవండి. మిగతా పిల్లల అపాయింట్‌మెంట్లు రద్దు చేయకండి, తగ్గించుకోండి. వాళ్లలో ఎవరికైనా ఈ సంగతి తెలిసి అడిగితే, అబద్ధం చెప్పకండి.

నా నంబర్ మీకు విడిగా మెయిల్ చేశాను. ఆదివారం సాయంత్రం ఐదు తర్వాత ఖాళీయే. మీరు చేయకపోతే నేను చేస్తాను.